కుడి నుంచి

ఛత్తా బజార్‌ల రాత్రి పదకొండు.
పెళ్లి పత్రికల దుకాణాలన్నీ షట్టర్లు దించుకున్నై.
వహీదుద్దీన్ సాబ్ దుకాణం మాత్రం
సగం రెప్ప తెరిచి చూస్తున్నది.

నల్ల తెర. మీద తెల్లగ ఒకటే మాట:
ఆపరేటింగ్ సిస్టమ్ లేదు.
లేకేం? మూడున్నై.
తెలుగు పత్రికలకొకటి, ఉర్దూ పత్రికలకొకటి,
మూడోది సాబ్ మేనల్లుడు షఫాఖత్
కాలేజీ నుంచి తెచ్చి ఎక్కించుకున్న లినక్స్.
దుకాణం ఉద్దెర లెక్కలన్నీ అందులనే.
ఒక్క డిస్కు, మూడు వాటాలు, ఒకటే గడప.
ఆ గడప మీద కూసున్నది వైరస్.

ఎవరి ఫ్లాపీ ఎక్కి వచ్చిందో?
ఆపరేటర్ ఈరమల్లు షఫాఖత్ దిక్కు చూసిండు,
షఫాఖత్ ఫ్యాను దిక్కు.

ఐదువందల పన్నెండు బైట్లు.
పోస్టుకార్డు మీద పట్టేంత రాత.
మెషీను లేవంగనే మొదట చదువుకునేది అదే:
ఎవరి వాటా ఎక్కడ మొదలు, ఎంత దూరం.
అది చెడితే ఇల్లు కూలదు.
అర్రలల్ల సామాను అర్రలల్లనే ఉంటది,
పొద్దున్నే ప్రెస్సుకు పోవాల్సిన
యాకుత్‌పురా పెళ్లి పత్రికతో సహా.
దారి చెప్పే మనిషే ఉండడు.

ఒక్క కమాండుతో ఒడిసేది.
పార్క్‌లేన్‌ల మా షాపోళ్లం అందరం చేసేదదే:
కొత్త గడప కొట్టు, ఒక తలుపు తెరువు,
పైసలు తీసుకో, బస్సెక్కు.
మిగతా రెండు వాటాలా?
"పోయినై సాబ్, ఫార్మాటే."
నేనూ అన్న ఆ మాట, చానాసార్లు.
ఈ రాత్రి అనకపోవుడు గొప్పతనం కాదు,
ఆఖరి బస్సు ఎట్లాగూ పోయింది.

ఏడో సెక్టారుల దొరికింది అసలుది.
పద్ధతి గల్ల దొంగ:
గడపను పీకి పారెయ్యలె,
ఖాళీ అరల దాచిపెట్టిండు.
తను లోపటికి పోవాలన్నా అదే కావాలె గద.
తెచ్చి మొదటి అరల పెట్టిన.
రెండు వరుసలు సాఫ్.
మూడో వరుస చెదలు తిన్న దస్తావేజు.

డిస్కంతా గాలించి, మూడో వాటా మొదలు పట్టి,
కార్డు వెనక పెన్సిల్‌తో లెక్కగట్టి
టైపు చేసిన:
సున్నా సున్నా, ఏబీ, తొంభై ఏడు, బీసీ.
రీస్టార్ట్. రాలె.
మళ్ల. రాలె.
మదీనా దిక్కు ఆటోల చప్పుడు కూడ ఆగిపోయింది.

సాబ్ కండ్లద్దాలు నుదుటి మీంచి దించిండు.
కంప్యూటర్ రాకముందు ముప్పై ఏండ్లు కాతిబ్.
పసుపు కాగితం మీద వెదురు కలంతో రాసింది
రాతి మీదికి ఎక్కిస్తే ఉల్టా పడేది.
తప్పులు ఆ రాతి మీదనే, ఉల్టాలనే దిద్దేటోడట.
ఈ అంకెలు తెల్వవు ఆయనకు. వరుసలు తెలుసు.
"బేటీ, పై రెండు లైన్లల్ల సున్నాలు చివరకున్నై.
నీ లైన్ల ముందటికొచ్చినై.
ఈ మెషీను గూడ మా లెక్క కుడి నుంచి చదువుతదా?"

చదువుతది.
చిన్నది ముందు, పెద్దది వెనక.
డిప్లొమా మొదటేడే చెప్పిన్రు.
రాత్రి రెండింటికి నా వేళ్లు
ఒకటో తరగతిల పలక మీద నడిచినట్టు నడిచినై.

బీసీ. తొంభై ఏడు. ఏబీ. సున్నా సున్నా.
కింద ముద్ర: యాభై ఐదు, ఏఏ.

తెర మీద మూడు పేర్లు.
పది, తొమ్మిది, ఎనిమిది... అంకె దిగుతున్నది.
ఎవ్వరం ఏ మీటా నొక్కలె.
షఫాఖత్ కుర్చీల నోరు తెరిచి నిద్రపోయిండు,
ఆయన ఉద్దెర లెక్కలు లేచినై.

సాబ్ సొరుగుల నుంచి కలం తీసిండు.
నేను చదువుతుంటే
పసుపు ముక్క మీద నాలుగు వరుసలు రాసిండు.
వాళ్ల సున్నా ఉత్త చుక్క.
నాలుగో వరుసంతా చుక్కలే,
ఎవరూ దిగని వాటా.
కేబినెట్ లోపటి రేకుకు అతికించిండు.

తొంభై ఏడు ఒక్కటే గుర్తుపట్టిన అందుల.
సిరా ఆరేదాక మూత బిగించలె.